దీపం పచ్చగానే ఉంది

క్షేత్ర పరిశోధన కేంద్రం,
నారు నాటే వారం

వకీలు వదినకి,

కుశలప్రశ్నలు ఉత్తరం చివర రాస్తాను. ముందు నా ఒళ్ళు మంట చల్లారనీ.

మీ ఆయన (అన్నయ్య అని రాయబుద్ధి కావడం లేదు ఇవాళ) నాతో ఫోనులో ఏమన్నాడో నీకు చెప్పాడా? చెప్పి ఉండడు. "నువ్వు ఆకుల సంగతి చూసుకో, పెట్టె సంగతి నేను చూసుకుంటాను" అని పెట్టేశాడు.

మా కేంద్రం గుమ్మం దగ్గర గోడంత పోస్టరు అంటించారు. అందులో మీ ఆయన నవ్వుతూ ఉన్నాడు. చేతిలో పెట్టె, పెట్టె మూతిలో ఒక టమాటా ఆకు. కింద 'కంటికి కనపడక ముందే తెగులును పట్టే వజ్రం' అని రాశారు. నాలుగు శాఖలు చేతులు కలిపిన ప్రాజెక్టట. వజ్రం ముక్క పెట్టిన క్వాంటం పెట్టె మీ ఆయనది, వానల లెక్కలు వాతావరణ శాఖ మబ్బుల మాస్టారివి, తెగులు మొక్కలు నావి, యంత్రం తప్పు చెబితే బాధ్యత ఎవరిదన్న పరిశోధన నీది. పోస్టరులో మాత్రం మన ముగ్గురిలో ఒక్కరం లేము. డైరెక్టరు గారు ఉన్నారు, చేతిలో కత్తెరతో. ఆయన్ని ఇక్కడ అందరూ రిబ్బను గారంటారు. ఆ పేరు నేను పెట్టింది కాదు, ఒట్టు.

బొమ్మ లేకపోతే నా సొమ్మేం పోయింది? నా కోపం అది కాదు. నిన్న పైగట్టు ఆవిడ తోటకి వెళ్ళాను. తండ్రీ కూతుళ్ళిద్దరే చేసుకుంటారు, టమాటా తప్ప ఇంకో పంట ఎరగరు. ఒక మూల పోయిన పంట తాలూకు మొక్క మిగిలి ఉంది. దాని మీద ఆకుమాడు తెగులు. ఆకు అంచున నీళ్ళలో నానినట్టు నల్లమచ్చ, అడుగున తెల్లటి నూగు. ఇన్నేళ్ళుగా ఆ మచ్చతోనే కాపురం చేస్తున్నాను, నాకు తెలియదా? ఆ ఆకుని పెట్టె మూతిలో పెట్టాను. తెగులు లేదని పచ్చ దీపం వెలిగింది. తిప్పి పెట్టాను. పచ్చే. పక్క మొక్కకి పెట్టినా, గట్టు మీద గడ్డికి పెట్టినా, నా చీర కొంగుకి పెట్టినా పచ్చే.

మీ ఆయన్ని అడిగితే, "మచ్చ వచ్చాక పెట్టె ఎందుకు? ముదిరిన తెగులు దానికి నేర్పలేదు" అన్నాడు. మచ్చ ఉన్న ఆకునే పట్టలేనిది మచ్చ రాని ఆకుని పడుతుందని ఎలా నమ్మమంటావు అన్నాను. అప్పుడే ఆ ఆకుల మాట అని ఫోను పెట్టేశాడు.

రైతులకి ఇంటికో పెట్టె ఇచ్చి చెప్పిందేమిటో తెలుసా? ఎర్ర దీపం వెలిగేదాకా మందు కొట్టొద్దని. చల్లటి వాన నాలుగు రోజులు పట్టిందంటే ఈ తెగులు తోటని మంట పెట్టినట్టు మాడ్చేస్తుంది. ముందుగా కొట్టిన మందే దిక్కు, తర్వాత కొడితే శవానికి వైద్యం. పైగట్టు ఆవిడ నా చెయ్యి పట్టుకుని "మందు బాధ తప్పించావు తల్లీ" అంది.

నువ్వు మాట్లాడు. నా మాట వినడు. చిన్నప్పట్నుంచీ అంతే, ఇంట్లో తెలివంతా తనకే పంచిపెట్టారన్నట్టు ఉంటాడు.

నువ్వు బాగున్నావు కదూ? చివర రాస్తానన్నాను కదా, రాశాను.

నీ ఆడపడుచు


ఇల్లు, వంటింటి బల్ల దగ్గర

తెగుళ్ళ డాక్టరమ్మకి,

ఆడపడుచు అర్ధమొగుడంటారు. ఉన్న ఒక్క నిండు మొగుడితోనే వేగలేకపోతున్నాను, ఈ సగం మొగుడు కూడా ఉత్తరాల్లో కేకలేస్తే నేనెక్కడికి పోను?

మీ అన్నయ్య బాగానే ఉన్నారు. పెద్ద సభ ఒకటి ఉందని తెల్లారకుండా వెళ్ళి చీకటి పడ్డాక వస్తున్నారు. ఇంట్లో పెన్ను ఎక్కడ పెట్టారో ఆయనకే తెలియదు గానీ, వజ్రంలో ఎలక్ట్రాను ఎటు తిరిగిందో చెబుతారు. నాకు ఇది కొత్తా?

ఒక ముఖ్యమైన మాట. ఈ సంగతులు ఫోనులో మాట్లాడకు. ప్రాజెక్టు మెయిల్లో అసలు రాయకు. ఆ మెయిలు డైరెక్టరు గారి కార్యాలయం కూడా చూడొచ్చని ఒప్పందంలో ఉంది. ఇలాగే చేత్తో రాసి ఇంటికి పంపు. నాలుగు శాఖలూ ఒప్పుకోనిదే ఫలితాల గురించి ఎవరూ బయట నోరు విప్పకూడదని కూడా ఉంది. దాని కింద నీ సంతకం ఉంది. చదవకుండానే పెట్టి ఉంటావు. అందరూ అంతే, అందుకే మా వృత్తి బతుకుతోంది.

నీ కోపం నాకర్థమైంది, కానీ కోపం సాక్ష్యం కాదు. కాబట్టి వదినగా కాదు, పాఠాలు చెప్పే దానిగా అడుగుతున్నాను. ఆ పెట్టె ఎర్ర దీపం చూపించడం నువ్వెప్పుడైనా కళ్ళారా చూశావా? చూస్తే ఎక్కడ? అక్కడ కాక ఇంకెక్కడైనా వెలిగిందా? సాక్షి ఏం చూశాడన్నది తర్వాత అడగండి, ఎక్కడ నిలబడి చూశాడో ముందు అడగండి అని పిల్లలకి మొదటి రోజే చెబుతాను.

వేళకి తిను. నీ పెట్టె గొడవలో పడి పోయినసారి లాగా కడుపునొప్పి తెచ్చుకోకు.

వదిన


క్షేత్ర కేంద్రం,
మొక్క మోకాలెత్తు వచ్చింది

వదినా! నా బంగారు వదినా!

నీ ప్రశ్న చదివి కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఎక్కడ నిలబడి చూశాడు! నీ నోట్లో చక్కెర పొయ్య.

ఎర్ర దీపం నేను ఒకే ఒక్క చోట చూశాను. నా తెగుళ్ళ గదిలో.

విను, నీకు అర్థమయ్యేట్టు చెబుతాను. తెగులు అంటించిన మొక్కలు బయట తిరిగితే చుట్టుపక్కల తోటలన్నీ మటాష్. అందుకని వెనక వైపు ఒక మూసిన గది. ఆ గదికి నేను పెట్టిన నియమం ఒకటుంది, లోపలికి వెళ్ళిన వస్తువు ఏదైనా సరే బయటికి రాకూడదు. కుండీ అయినా, కత్తెర అయినా, చివరికి చీపురైనా అక్కడే కాల్చేస్తాం. కాబట్టి ఒక పెట్టెని శాశ్వతంగా లోపలే ఉంచేసి, తెగులు మొక్కలన్నిటికీ పెట్టి చూసింది ఆ గదిలోనే. ఆరోగ్యంగా ఉన్న వాటిని చూసింది ముందు వైపు అద్దాల గదిలో. ఒక్క రోగం మొక్క కూడా అద్దాల గదికి రాలేదు. నేనే రానివ్వలేదు.

ఇప్పుడు, ఆ తెగుళ్ళ గదిని చల్లగా ఉంచడానికి ఒక యంత్రం ఉంది. దాని మోటారు పగలూ రాత్రీ గుర్రు పెడుతూనే ఉంటుంది. అద్దాల గదికి యంత్రం లేదు. మీ ఆయన వజ్రం ఏం పడుతుంది? అయస్కాంతంలో వెంట్రుకవాసి కదలిక ఉన్నా పడుతుంది. రోగం వచ్చిన ఆకులో రసం నడక మారుతుంది, ఆ మార్పుని పట్టేస్తుందని కదా ఆయన సిద్ధాంతం. ఆకు రసం పట్టేంత చెవి ఉన్నదానికి, పక్కనే మూలుగుతున్న మోటారు వినపడదా? అది నేర్చుకున్నది రోగాన్ని కాదు వదినా, గదిని! మోటారు ఉంటే ఎరుపు, లేకపోతే పచ్చ. పొలంలో మోటారెక్కడిది? అందుకే అక్కడ ఎప్పుడూ పచ్చే.

ఆయనెప్పుడూ నా గది చూడలేదు, రానివ్వను కాబట్టి. తీగ మీద వచ్చిన గీతలు తన బల్ల దగ్గర కూర్చుని చూసుకున్నాడు. నేను ఆ గీతలెప్పుడూ చూడలేదు, నాకవి అర్థం కావు కాబట్టి. ఇద్దరం ఒక తల్లి పిల్లలం, ఒక్కసారి ఒకరి గది ఒకరం తొంగిచూసి ఉంటే సరిపోయేది. నా వాటా తప్పు నేను ఒప్పుకుంటున్నాను, ముందే.

ఇక అసలు భాగోతం. నిక్షేపంగా ఉన్న మొక్కని తెగుళ్ళ గదిలో పెట్టి చూశాను. ఎర్ర దీపం. రిబ్బను గారికి రాశాను. ఆయన ఏమని జవాబిచ్చారో ఊహించు. "అద్భుతం! రోగపు గదిలోకి వెళ్ళిన పూటకే తెగులు అంటుకున్నట్టు మన యంత్రం కనిపెట్టేసింది!" మర్నాడు ఆ మాట పత్రికలకి పంపేశారు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం!

నాకు తిక్క రేగింది. మా కార్యాలయంలో రిసెప్షన్ బల్ల మీద ఒక ప్లాస్టిక్ మొక్క ఉంటుంది, దుమ్ము కొట్టుకుని. తీసుకెళ్ళి తెగుళ్ళ గదిలో పెట్టి, ప్లాస్టిక్ ఆకుని పెట్టె మూతిలో దూర్చాను.

ఎర్ర దీపం, వదినా. ప్లాస్టిక్ మొక్కకి ఆకుమాడు తెగులు!

నవ్వి నవ్వి గోడకి చేరబడ్డాను. తర్వాత ఏడుపొచ్చింది. కిటికీ అద్దంలోంచి ఫొటో తీసి, అన్ని వివరాలూ రాసి పంపాను. జవాబు నిన్న వచ్చింది. ఆమోదించిన ప్రయోగ ప్రణాళికలో ప్లాస్టిక్ వస్తువు లేదట. అనుమతి లేని వస్తువుని నిషేధిత గదిలోకి తీసుకెళ్ళినందుకు సంజాయిషీ ఇవ్వాలట. పెట్టె గురించి ఒక్క ముక్క లేదు. దొంగని చూపిస్తే, చూపించిన వేలు ఎవరిదని అడుగుతారు వీళ్ళు.

ఈ ఉత్తరం ఆయనకి చూపించు. ఇవాళే చూపించు. ఆయన మూర్ఖుడు కాడు, మొండివాడు. ప్లాస్టిక్ మొక్క సంగతి చదివితే తనే లేచి వస్తాడు. వానలు ఇంకా మొదలు కాలేదు. ఇప్పుడు మందు కొట్టమని చెబితే తోటలు బతుకుతాయి.

నీ మరదలు


ఇల్లు

నీ ఉత్తరం అందింది. నవ్వొచ్చింది, తర్వాత రాలేదు.

మీ అన్నయ్య బాగానే ఉన్నారు. సభకి పరాయి దేశాల వాళ్ళు వస్తున్నారట, తీరిక లేదు. వీలు చూసి చూపిస్తాను. కొన్ని మాటలకి వేళ ఉంటుంది.

నీ సంజాయిషీలో ఆవేశం పెట్టకు. "భద్రత కోసం పరీక్షించాను" అని ఒక్క వాక్యం రాసి ఊరుకో. ఆ ప్లాస్టిక్ మొక్కని గదిలోనే ఉంచు, కాల్చకు.

వదిన


క్షేత్ర కేంద్రం,
వానలు పట్టాక

వదినగారికి,

తొమ్మిది వాక్యాల ఉత్తరం రాశావు. అందులో వాక్యానికో గొళ్ళెం పెట్టావు. నేను ఎదురుచూస్తూ కూర్చున్నాను, వెర్రిదాన్ని.

ఇక్కడ ముసురు పట్టింది. మబ్బుల మాస్టారు రెండు వారాల ముందే లెక్కలు కట్టి, ఈసారి చల్లటి వాన విడవకుండా పడుతుంది, ఆకుమాడుకి ఇంతకన్నా మంచి వాతావరణం ఉండదు, వెంటనే మందు కొట్టమనండి అని హెచ్చరిక రాసిచ్చారు. అది రైతులకి వెళ్ళలేదు. రిబ్బను గారు ఆపేశారు. క్షేత్రంలో యంత్రం పచ్చ చూపిస్తుండగా వాతావరణ శాఖ భయపెట్టడం ప్రాజెక్టు ప్రతిష్ఠకి మంచిది కాదట! జీవితమంతా ఆకాశాన్ని కొలిచిన మనిషి ఆయన. మా వరండాలో కూర్చుని తడి గొడుగు మడవడం కూడా మర్చిపోయి, "నా లెక్క తప్పవ్వాలని మొదటిసారి కోరుకుంటున్నానమ్మా" అన్నారు. తప్పలేదు.

దానికి తోడు ఇంకోటి. ఎర్ర దీపం వెలగకుండా మందు కొట్టిన రైతుకి పంట బీమా వర్తించదట! ఈ షరతు ఎవరు పెట్టారు? రిబ్బను గారిని అడిగితే బీమా కంపెనీ అంటారు, వాళ్ళనడిగితే విశ్వవిద్యాలయం అంటారు. అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాత్రం మాయం. నీ శాఖ రాసిన ఒప్పందమే కదా అది?

పైగట్టు ఆవిడ మొన్న పరుగెత్తుకుంటూ వచ్చింది. ఆకులు మాడుతున్నాయమ్మా, కొట్టనా వద్దా అని. కొడితే బీమా పోతుంది, కొట్టకపోతే తోట పోతుంది. నేను కొట్టమన్నాను, సంతకం గింతకం గాలికి పోనీ అని. కానీ ఆవిడ తండ్రి పెట్టె తెచ్చి ఆకుకి పెట్టి చూశాడు. పచ్చగా వెలిగింది. "అంత చదువుకున్నవాళ్ళు ఊరికే చెబుతారా" అని మందు డబ్బా మూసేశాడు. నేను చదువుకున్నదాన్ని కానా వదినా? నేను పక్కనే నిలబడి ఉన్నాను. నాకన్నా ఆ దీపాన్ని నమ్మాడు.

ఇప్పుడా తోటలో కాయలు చెట్టునే కుళ్ళి రాలుతున్నాయి. గట్టు దాకా ఆ వాసన. దీపం పచ్చగానే ఉంది.

సూటిగా అడుగుతున్నాను, సూటిగా చెప్పు. నా ఉత్తరం ఆయనకి చూపించావా లేదా? ఆయన చదివి కూడా ఊరుకున్నాడంటే నాకు అన్నయ్య లేడు. నువ్వు చూపించలేదంటే... అది రాయడానికి నాకు మాట దొరకడం లేదు.

ఇట్లు


లా కళాశాల, నా గది

అమ్మాయీ,

చూపించలేదు.

ఒక్కటీ చూపించలేదు. వచ్చినవి వచ్చినట్టు నా సొరుగులో పెట్టాను. ఎందుకో చెబుతాను, తర్వాత నీ ఇష్టం వచ్చినట్టు తిట్టు.

తెలిసి చేస్తే నేరం, తెలియక చేస్తే పొరపాటు. నా చదువంతా కలిపి ఆ గీత ఎక్కడ గీయాలన్నదే. నీ మొదటి ఉత్తరం చదవగానే నాకు ఆ గీత కనపడింది. ఈ కాగితం ఆయన చేతికిస్తే ఆ క్షణం నుంచీ ఆయనకి తెలిసినట్టే. ఆపకపోతే ఆయనే దోషి, ఆపితే రిబ్బను గారు ఆయన్నే బలిచ్చి తను చేతులు కడుక్కుంటారు. పదిహేనేళ్ళుగా ఆ వజ్రం ముక్క చుట్టూ తిరిగిన మనిషి. నా మొగుడు. ఆయన్ని గీతకి ఇవతల ఉంచుదామనుకున్నాను. ఈలోగా వేరే దారిలో పని జరిపిద్దామని నీ ప్లాస్టిక్ మొక్క సంగతి పేరు పెట్టకుండా, పరిశోధనల్లో తప్పొప్పులు చూసే నీతి సంఘానికి పంపాను. సంఘం అధ్యక్షుడు ఎవరనుకున్నావు? రిబ్బను గారే. ఎలుకకి పిల్లి సాక్ష్యం.

నీకు ఒళ్ళు మండుతోంది, నాకు మండటం లేదా? బీమా షరతు నా శాఖ రాసింది కాదు. నేను రాసిన ముసాయిదాలో రైతు తన కంటితో చూసి మందు కొట్టినా బీమా ఉంటుందని స్పష్టంగా ఉంది. ఇవాళ అసలు ప్రతి తీయించి చూశాను. ఆ పేరా ఎత్తేసి దాని చోట ఈ షరతు పెట్టారు, నా సంతకం ఉన్న పేజీ మాత్రం అలాగే కుట్టారు. ఊళ్ళో పిల్లలకి న్యాయం నేర్పుతాను, నా పేరు మీదే ఇంత అన్యాయం చేశారు! కాలేజీ మెట్ల మీద నిలబడి గట్టిగా అరవాలనిపించింది. అరిచాను కూడా, కొంచెం. గుమాస్తా మంచినీళ్ళు తెచ్చాడు.

ఆ తోట వాసన నీ ఉత్తరంలోంచి నా ముక్కుకి తగిలింది. నేను ఒక మనిషిని కాపాడుతూ అన్ని తోటల్ని వదిలేశాను.

ఇక విను. ఒప్పందం ఫలితాల గురించి మాట్లాడొద్దంది. కానీ పాత చట్టం ఒకటుంది, పంటకి అంటుతెగులు కనపడితే చూసినవాళ్ళు ఎవరైనా సరే వ్యవసాయాధికారికి తెలపాలి. చట్టాన్ని ఏ ఒప్పందమూ ఆపలేదు. నువ్వు పెట్టె గురించి ఒక్క అక్షరం రాయకు. తోట, తెగులు, తేదీ, నువ్వు చూసిన మచ్చ, అంతే రాసి ఇప్పుడే ఇవ్వు. అది ప్రభుత్వ దస్తావేజు అవుతుంది. మిగిలిన తోటలవాళ్ళకి అధికారే మందు కొట్టమని ఉత్తర్వు ఇవ్వక తప్పదు. అప్పుడు షరతూ చెల్లదు.

నీ ఉత్తరాలన్నీ ఇవాళ మీ అన్నయ్య బల్ల మీద పెడుతున్నాను. పెట్టి, ఎదురుగా కూర్చుంటాను.

వదిన


క్షేత్ర కేంద్రం,
వాన వెలిశాక

వదినా,

నిన్ను తిట్టడానికి కాగితం తీశాను. రెండుసార్లు రాసి రెండుసార్లు చింపాను. తర్వాత చూద్దాం, పని ఉంది.

తెలియజేశాను. అధికారి గొణిగాడు, పెట్టె పచ్చ చూపిస్తోంది కదా అన్నాడు. చట్టంలో పెట్టె లేదండీ, నేను ఉన్నాను అన్నాను. సాయంత్రానికి ఉత్తర్వు ఇచ్చాడు. వాగుకి అవతలి తోటలు చాలా వరకు బతికాయి. ఇవతలివి పోయాయి. పైగట్టు ఆవిడ తోట దున్నించేసింది.

బీమా కంపెనీ ఏమందో విను. కూర్చుని విను. యంత్రం పచ్చ దీపం చూపించింది కాబట్టి ఆ తోటల్లో తెగులు లేనట్టే, కాబట్టి పరిహారం లేదట! దీపాన్ని కాదని కొడితే బీమా లేదు, దీపాన్ని నమ్మి కొట్టకపోయినా బీమా లేదు. కుళ్ళిన కాయలు బుట్టనిండా తీసుకెళ్ళి వాళ్ళ బల్ల మీద కుమ్మరించారు మా వాళ్ళు. "ఇది తెగులని నిర్ధారణ కాలేదు" అన్నాడు అక్కడి మేనేజరు, ముక్కు మూసుకుని. ముక్కు ఎందుకు మూసుకున్నట్టో మరి!

రైతులు బీమా తగాదాల కోర్టుకి వెళుతున్నారు. సాక్ష్యం నేను చెబుతాను. వకీలు కావాలి. నీకన్నా ఎవరు తెలుసు నాకు?

ఆయన చదివాడా? ఏమన్నాడు?

మరదలు


ఇల్లు,
తీర్పు వచ్చిన సాయంత్రం

తెగుళ్ళ డాక్టరమ్మకి,

మొదటి రోజు, పెట్టె మాట ఎత్తకుండా తెగులు వరకే నీ సాక్ష్యం అయ్యాక నువ్వు బస్సుకి వెళ్ళిపోయావు. రెండో రోజు జరిగింది నీకు ఎవరూ సరిగ్గా చెప్పి ఉండరు. నేను చెబుతాను.

అసలు ముందునుంచి చెప్పాలి. ఆ రోజు ఆయన నీ ఉత్తరాలు వరసగా చదివారు. ప్లాస్టిక్ మొక్క దగ్గర నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. చొక్కా వేసుకుని ప్రయోగశాలకి వెళ్ళి, పెట్టె పక్కన పాత ఫ్యాను మోటారు పెట్టి తిప్పారు. ఆకు లేదు, మొక్క లేదు, మోటారు ఒక్కటే. ఎర్ర దీపం వెలిగింది. ఇంటికొచ్చి "చెల్లాయి చెప్పింది నిజం" అన్నారు. ఆ రాత్రి ఇద్దరం భోంచెయ్యలేదు.

కేసు నేను వాదించకూడదు కదా, ప్రాజెక్టులో ఉన్నదాన్ని, పైగా భార్యని. అందుకని నా శిష్యురాలు వాదించింది. కంపెనీ తరఫు వకీలు గట్టివాడు. వాళ్ళ వాదమంతా ఒక్క మేకు మీద వేలాడుతోంది. పంట పోయిన నాటికి పెట్టె తప్పని దాన్ని చేసిన మనిషికి కూడా తెలియదు, కాబట్టి ఆనాటికి పచ్చ దీపమే ప్రమాణం. చేసిన మనిషికి అప్పటికే తెలుసంటే ఆ దీపానికి విలువే లేదు, పరిహారం ఇవ్వాల్సిందే.

ముందురోజు ఆయనకి జవాబు నేనే చెప్పి ఉంచాను. "చెల్లెలి ఉత్తరాలు మీరు చదివింది తోటలు పోయాక. కాబట్టి అప్పటికి తెలియదు అనండి, అది నిజమే. మీ మీద ఏదీ నిలవదు. రైతుల కేసు వేరే సాక్ష్యాల మీద లాగుదాం" అన్నాను. తలూపారు.

వకీలు అడిగాడు. "తోటలు దెబ్బతిన్ననాటికి యంత్రం తప్పు చెబుతోందని మీకు తెలుసా?"

ఆయన నా వైపు ఒకసారి చూశారు. తర్వాత అన్నారు.

"మా చెల్లెలి చేతిరాత నాకు తెలుసు. నారు నాటిన దగ్గర్నుంచీ మా ఇంటికి కవర్లు వస్తున్నాయి. అదెప్పుడూ ఉత్తరం రాసే మనిషి కాదు. మా ఆవిడ అవి తీసుకుని సొరుగులో పెట్టేది. ఏం రాసిందని నేను ఒక్కసారి కూడా అడగలేదు. అడిగితే చెబుతుందని అడగలేదు. దాన్ని కోర్టులో తెలియకపోవడం అంటారేమో నాకు తెలియదు. నాకు తెలుసు."

నేను తల దించుకున్నాను. ఆయన్ని నేను కాపాడుతున్నాననుకున్నాను. ఆయన హాయిగా కాపాడించుకున్నారు, ఇద్దరం ఒకరికొకరం ఏమీ చెప్పుకోకుండా. అంతకాలం ఒకే భోజనాల బల్ల దగ్గర కూర్చుని!

రైతులు గెలిచారు. కంపెనీ పరిహారం ఇవ్వాలి, షరతు చెల్లదు.

ఇక మిగిలింది చదివి నీ బల్ల మీదున్నవేవీ విసిరెయ్యకు. నాలుగు శాఖల అనుమతి లేకుండా ఫలితాల గురించి బయట మాట్లాడినందుకు మీ అన్నయ్యని సస్పెండు చేశారు. కోర్టు బోనులో ప్రమాణం చేసి నిజం చెప్పడం బయట మాట్లాడటమట! ప్రాజెక్టులో ఎక్కడ పొరపాటు జరిగిందో తేల్చడానికి ఒక విచారణ సంఘం వేశారు. దానికి అధ్యక్షులు డైరెక్టరు గారే. నేను రాజీనామా ఇచ్చి సస్పెన్షను మీద కేసు వేశాను. ఈసారి నేనే వాదిస్తాను.

ఆయన ఇంట్లోనే ఉన్నారు. బాగానే ఉన్నారు అని ఇన్నాళ్ళూ ఊరికే రాశాను. ఇప్పుడు బాగాలేరు. నీకు ఉత్తరం రాయాలని కూర్చుంటున్నారు, లేస్తున్నారు.

వదిన


క్షేత్ర కేంద్రం,
కొత్త నారు పోసే వేళ

అన్నయ్యా,

ఈ కవరు మీద నీ పేరే రాశాను. నువ్వే చింపు, నువ్వే చదువు. వదినకి ఇచ్చి ఏముందో చెప్పమనకు.

నా కోపం తగ్గిందనుకుంటున్నావేమో, తగ్గలేదు. నువ్వు కోర్టులో చెప్పిన మాట ఇక్కడ అందరి నోళ్ళలో నానుతోంది. గొప్ప మాట. అదే మాట ముసురు పట్టకముందు చెప్పి ఉంటే కోర్టే అక్కర్లేకపోయేది. నిన్ను సస్పెండు చేసినవాళ్ళ మీద నాకు ఎంత మంటగా ఉందో, నీ మీదా అంతే ఉంది. రెండూ ఒకేసారి మోస్తున్నాను, చేతులు లాగుతున్నాయి.

నిన్న మబ్బుల మాస్టారూ నేనూ కలిసి ఒక పని చేశాం. ఆయన వానల లెక్కలూ నా తెగుళ్ళ లెక్కలూ పక్కపక్కన పెట్టి, పెట్టె గిట్టె లేకుండా, ఎప్పుడు మందు కొట్టాలో రైతులకి ఒక కాగితం తయారు చేశాం. రిబ్బను గారి అనుమతి అడగలేదు. నాకూ సంజాయిషీ కాగితం వస్తుంది, రానీ.

పైగట్టు ఆవిడకి బీమా వచ్చింది. వచ్చింది గానీ, తండ్రి మళ్ళీ టమాటా నాటనంటున్నాడు. తన తోటని తనే చంపుకున్నానని ఆయన బాధ. ఆవిడ నిన్న మా కేంద్రానికి వచ్చింది. కోర్టులో నిజం చెప్పినాయన మీకేమవుతారమ్మా అని అడిగింది. మా అన్నయ్య అన్నాను. "అయితే ఒకసారి రమ్మను. ఆ డబ్బా మూయడం మా నాన్న తప్పు కాదని ఆయన నోటితోనే చెప్పాలి. చెప్పాక నేను ఆయన్ని అడగాల్సినవి అడుగుతాను" అంది.

కాబట్టి రా. ఆ పెద్దాయనకి ఎదురుగా కూర్చుని చెప్పు. ఆవిడ నిన్ను తిడుతుంది, నోరు గట్టిది, బాగా తిడుతుంది. నేను పక్కనే ఉంటాను. ఆపను. అంతా అయ్యాక నాతో ఇంటికొచ్చి భోంచేసి పడుకో.

చెల్లాయి